రెండంగుళాల ఎత్తు

ఏమండోయ్! అవును, మీతోనే. నవ్వుదామని పెదవులు అప్పుడే సర్దుకుంటున్నారు చూడండి, మీతోనే! కథ తర్వాత. ముందు లేచి వెళ్ళి మీ ఇంట్లో గోడ గడియారం చూసి రండి. చూశారా? సరిగ్గానే ఉందా? సరిగ్గా ఉందని మీకెవరు చెప్పారు? ఆ గడియారమేనా? అదీ సంగతి! దొంగనే పిలిచి "నువ్వు దొంగవా నాయనా" అని అడిగి, "కాదండీ" అంటే తలూపి వచ్చేసినట్టుంది మీ వ్యవహారం. నొచ్చుకోకండి. మీకంటే ఘనంగా మోసపోయిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఈ కథ ఆయనదే.

వీధి వీధంతటికీ ఆయన ముళ్ళ మామయ్య. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా గడియారాలు బాగుచేస్తున్నాడు. చేతిలో పని ఉన్నంతసేపూ గడియారాల ముళ్ళు సరిచేస్తాడు. పని లేనప్పుడు మనుషులకి ముళ్ళు గుచ్చుతాడు. ఒకసారి బట్టల కొట్టు గుమాస్తాతో, "నీ వాచీలో రెండు నిమిషాలు ఎక్కువున్నాయోయ్, తీసి సీసాలో పెట్టాను, సాయంత్రం వచ్చి పట్టుకెళ్ళు" అన్నాడు. పాపం, అతను సాయంత్రం నిజంగానే వచ్చాడు. సీసా కూడా తెచ్చుకున్నాడు.

ఆ శుక్రవారం పొద్దున మామయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. రెండు రొట్టెముక్కల మీద తేనె రాసుకుని తినడం, ఎనిమిదిన్నరకి షాపు తెరవడం, అంతే. తేనె సీసా మీద చీటీ లేదు, పేరు లేదు. ఆయన భార్య నెలకోసారి, మొదటి గురువారం, మోకాళ్ళ మర్దనకని బస్సెక్కి వెళ్ళి వస్తుంది. వచ్చేటప్పుడు అక్కడి బస్టాండు కొట్లోంచి ఒక సీసా తెస్తుంది.

"తేనంటే ఇదీ!" అన్నాడు మామయ్య చెంచా నాకుతూ. "మీ అన్నయ్య నలభై పెట్టెల తేనెటీగల్ని పెంచాడు గానీ, ఒక్క ఈగకైనా ఈ రుచి నేర్పాడా?"

ఆవిడ సీసా మూత తుడిచి బిగించింది. "ఎల్లుండి ఆదివారం అన్నయ్యకి డెబ్బై నిండుతాయి. వెళ్తున్నాం."

"ఏ అన్నయ్య?"

"నాకున్నది ఒక్కడే."

మామయ్య చెంచా కింద పెట్టాడు. ఆరేళ్ళుగా ఈ మాట ఎప్పుడొచ్చినా చెప్పడానికి ఒక జవాబు తోమి పెట్టుకున్నాడు. అదే తీశాడు. "నాకు మాత్రం వెళ్ళాలని ఉండదటే! కానీ ఆ కొండదారి సంగతి నీకు తెలీదా? గుంటలు, బండరాళ్ళు. మన బండి కడుపు నేలకి రాసుకుంటుంది. పైగా టూ వీల్ డ్రైవ్."

బండి సంగతి చెప్పాలి. ఒకప్పుడు బేకరీ సరుకు తిప్పిన వ్యాను అది. మొగుడూ పెళ్ళాలిద్దరూ రెండేళ్ళు కష్టపడి దాన్ని ఇల్లు చేసుకున్నారు. లోపల మడతమంచం, ఒంటి పొయ్యి, సబ్బు పెట్టె అంత సింకు, దాని కింద అరవై లీటర్ల నీళ్ళ డబ్బా, గోడకి అలమర. ఎక్కడికి వెళ్తే అక్కడే కాపురం. ముందు చక్రాలు రెండూ లాగుతుంటే, వెనక రెండూ వాటి వెంట ఊరికే వస్తాయి. ఏ కాపురమైనా అంతే. తమ కాపురంలో ముందు చక్రాలెవరో మామయ్య ఎప్పుడూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

"స్ప్రింగుల మేస్త్రిని అడిగాను," అంది ఆవిడ తాపీగా. "రెండంగుళాలు ఎత్తితే చాలట, ఎక్కడా తగలదట. షాపుకి వెళ్తూ ఇచ్చేసి వెళ్ళండి."

ఆరేళ్ళ జవాబు అలా రెండంగుళాల కిందకి దూరి చచ్చిపోయింది.

అసలు కారణం బండి కడుపులో లేదు, మామయ్య కడుపులో ఉంది. బావగారి ఇంట్లో ఒక గోడ గడియారం ఉంది. నెలకోసారి తాళం తిప్పితే నడుస్తుంది. మామయ్యే పాతది కొని, తన చేత్తో బాగుచేసి, "బావా, సూర్యుడైనా తప్పుతాడేమో గానీ ఇది తప్పదు" అని చెప్పి మరీ ఇచ్చాడు. ఆరేళ్ళ కిందట ఒక పొద్దున, కింద ఊళ్ళో తేనెల పోటీ. బావ మూడేళ్ళు శ్రమపడి, అడవిపూల మీద తిప్పి తిప్పి, పన్నెండు సీసాల తేనె తీసి పెట్టుకున్నాడు. ముందురోజు మామయ్యకి చెయ్యి దురద పుట్టింది. పెద్ద ముల్లుని ఒక చుట్టు వెనక్కి తిప్పాడు. బావ పరుగెత్తితే చూసి నవ్వుదామని, అంతే. బావకి చేతి గడియారం లేదు, అవసరం ఎప్పుడూ పడలేదు. మామయ్య ఇచ్చిన గడియారాన్ని నమ్మి, గంట ఆలస్యంగా వెళ్ళాడు. అప్పటికి బల్లలు మడుస్తున్నారు.

అరిచి ఉంటే బాగుండేది. తిట్టినా బాగుండేది. బావ ఒక్క మాటా అనలేదు. తిరుగు బస్సులో పన్నెండు సీసాలూ ఒళ్ళో పెట్టుకుని, గుంటల్లో కుదిపినప్పుడల్లా పగలకుండా రెండు చేతులూ అడ్డం పెట్టుకుంటూ కూర్చున్నాడు. పక్క సీట్లో మామయ్య "తప్పయింది బావా" అందామని నోరు తెరిచాడు. నోట్లోంచి వచ్చింది వేరు. "పోనీలే బావా, పోటీవాళ్ళే గంట తొందరపడ్డారు!" అన్నాడు. మామయ్య నోటికి ఆ జబ్బుంది. క్షమాపణ లోపల బయల్దేరుతుంది, గడప దాటేసరికి వేళాకోళం అయిపోతుంది.

ఆ తర్వాత ఆ కొండ ఎక్కలేదు.

* * *

స్ప్రింగుల మేస్త్రి బండిని జాకీ మీదకెత్తి, కింద దూరి, టార్చి వేసి, చాలాసేపు గొణుక్కుని బయటికొచ్చాడు.

"గురువుగారూ, ముందు స్ప్రింగుల మీద రెండంగుళాల దిమ్మలు వేస్తా. వెనక ఇరుసు మీద కమాను పట్టీలకి ఇంకో పట్టీ కలుపుతా. అంతే. కొంతమంది నాలుగు, ఆరు అంటారు. మీసం తిప్పుకోవడానికి బానే ఉంటుంది గానీ మలుపులో బండి పక్కకి పడుకుంటుంది. రెండు చాలు. ఫోర్ వీల్ అయిపోదు, అది మాత్రం ఆశపడకండి."

"నాకే ఆశా లేదోయ్. ఎప్పటికిస్తావు?"

"రేపు మధ్యాహ్నానికి."

మామయ్య చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "సోమవారం ఇవ్వు."

"రేపటికే అయిపోతుందండీ."

"నువ్వు తొందరపడి చేస్తే నాకు నచ్చదు. నిదానంగా చెయ్యి. మా ఆవిడ అడిగితే దిమ్మలు దొరకలేదని చెప్పు. సోమవారం."

మేస్త్రి మసి చేత్తో బుర్ర గోక్కున్నాడు. "మీరెత్తమన్నది బండినేనా, ఇంకేదైనా ఎత్తు వేస్తున్నారా?"

"రెండూ ఒక్క బిల్లులో వేసుకో," అన్నాడు మామయ్య, ఈల వేసుకుంటూ షాపుకి నడిచాడు. ఆదివారం దాటిపోతే చాలు. డెబ్బై మళ్ళీ రావు కదా.

ఇక్కడితో ఊరుకుని ఉంటే ఎత్తు పారేదే. మరునాడు, శనివారం పొద్దున, షాపు తలుపు తీస్తుంటే, ఇంటి పైవాటాలో అద్దెకున్న వయొలిన్ టీచరమ్మ అటుగా వచ్చింది. ఆవిడ మంచి మనిషి. ఎవరేం చెప్పినా నమ్ముతుంది. మామయ్యకి అలాంటివాళ్ళు కనిపిస్తే పిల్లికి పాలగిన్నె కనిపించినట్టే.

"బాబాయ్‌గారూ, ఇంటిముందు మీ వ్యాను లేదేంటండీ?"

మామయ్య మొహం వేలాడేశాడు. "ఎత్తేశారమ్మా. నిన్న పొద్దున్నే."

"అయ్యయ్యో! ఎత్తుకెళ్ళారా! మీరు చూడలేదా?"

"చూడకేం! నా కళ్ళముందే ఎత్తారు. చూస్తూ నిలబడ్డాను, ఏం చేస్తాను చెప్పు."

చూడండి, ఒక్క అక్షరం అబద్ధం లేదు! ఆ గర్వం మామయ్య మొహంలోకి రాబోతుంటే దగ్గుతో అణిచాడు. రెండు నిమిషాలు ఏడిపించి అసలు సంగతి చెబుదామనుకున్నాడు. ఇంతలో ఒకాయన ఆగిపోయిన అలారం గడియారం తెచ్చాడు. అది బల్ల మీద పెట్టగానే మోగడం మొదలెట్టి, ఎంతకీ ఆగలేదు. దాని నోరు మూయించేసరికి టీచరమ్మ లేదు.

పదింటికల్లా వార్త వీధి చివరికి చేరింది. వెళ్ళేటప్పుడు ఒక దొంగే, తిరిగి వచ్చేటప్పటికి ముగ్గురయ్యారు. మందుల షాపాయన దగ్గర కత్తి చేరింది. పన్నెండింటికి చెప్పులు కుట్టే తాత రొప్పుతూ వచ్చి మామయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. "నిన్ను కట్టేసి కొట్టారటగా! ఎక్కడ తగిలింది నాయనా?" అప్పుడైనా చెప్పొచ్చు. మామయ్య నడుం పట్టుకుని "అబ్బా" అన్నాడు. ఆ ముసలాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మామయ్యకి లోపలెక్కడో చిన్న ముల్లు దిగింది. కానీ జనం వస్తూనే ఉన్నారు. ఓదార్పు కూడా ఒక వ్యసనమే.

పన్నెండున్నరకి పోలీసు జీపు వచ్చి ఆగింది. ఎస్సై ముందు దిగాడు, వెనక కాగితాల కట్టతో కానిస్టేబులు. టీచరమ్మ రెండు పేజీల ఫిర్యాదు రాసిచ్చి, స్టేషన్లో ఏడ్చి మరీ వెళ్ళిందట.

మామయ్య ఇక నిజం చెప్పేద్దామని గట్టిగా నిర్ణయించుకున్నాడు. నిజమే చెప్పాడు కూడా.

"బండి ఎప్పుడెత్తారు?" అన్నాడు ఎస్సై.

"నిన్న ఇచ్చాను సార్. ఇవాళ ఎత్తుతున్నారు."

"ఇచ్చారా! ఎవరికి?"

"స్ప్రింగుల మేస్త్రికి."

"మనిషి కూడా తెలుసన్నమాట. మరి ఆపలేదేం?"

"ఆపడమేంటి సార్, ఎత్తించింది నేనే కదా!"

కానిస్టేబులు పెన్ను ఆగింది. ఎస్సై టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "మీ బండిని మీరే ఎత్తించారా?"

"అవున్సార్. రెండంగుళాలు."

"రెండు... ఏంటీ?"

"అంగుళాలు సార్. అంతకంటే ఎక్కువ ఎత్తితే మనకే ప్రమాదం."

ఎస్సై కానిస్టేబులు వైపు వంగి, "అంగుళాలు అంటే ఏదో గుర్తు మాట అయ్యుంటుంది. కింద గీత గియ్యి," అన్నాడు. మళ్ళీ మామయ్య వైపు తిరిగాడు. "ఇంట్లో తెలుసా ఇది?"

"మా ఆవిడే ఎత్తించమంది సార్!"

"ఆవిడ కూడానా! బండికి ఇన్సూరెన్సుందా?"

"ఉంది సార్, మార్చి దాకా."

"అదీ!" అన్నాడు ఎస్సై, మొత్తం లెక్క తేలిపోయినట్టు. "ఎక్కండి జీపు."

స్ప్రింగుల మేస్త్రి షాపులో బండి కింద నుంచి రెండు కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ముందు భాగం పని అప్పుడే పూర్తయింది, వెనక్కి జరుగుతున్నాడు. ఎస్సై లాఠీతో బూటు మీద తట్టాడు.

"బండి ఎత్తింది నువ్వేనా?"

"నేనే!" అంది బండి కింద గొంతు, గర్వంగా. "ఈ చుట్టుపక్కల బండి ఎత్తాలంటే నా తర్వాతే ఎవరైనా. ఈ నెల్లో ఇది తొమ్మిదోది."

"తొమ్మిదా!"

"ఎత్తిన బండి ఒక్కటి కూడా ఇప్పటిదాకా వెనక్కి రాలేదు. కావాలంటే ఎవర్నయినా అడగండి. మీదేదైనా ఉంటే చెప్పండి, మీదీ ఎత్తేస్తా."

స్టేషన్లో గంటన్నర పట్టింది. మేస్త్రి కాగితం మీద స్ప్రింగు బొమ్మ గీశాడు. ఎస్సైకి అది పాములా కనిపించింది. చివరికి ఒక కుర్చీ కాళ్ళ కింద రెండు రికార్డు పుస్తకాలు పెట్టి, కానిస్టేబుల్ని కూర్చోబెట్టి, "ఇదీ సార్ ఎత్తడమంటే" అని చూపిస్తే గానీ తేలలేదు.

ఎస్సైకి అర్థమయ్యాకే అసలు కోపం వచ్చింది. "ఫిర్యాదు నా పుస్తకంలోకి ఎక్కింది. ఇప్పుడు నేను బండి దొరికిందని రాయాలి. దొరికిన బండిని యజమానికి అప్పగించాలి. ఇవాళే."

"సోమవారం అప్పగించండి సార్," అన్నాడు మామయ్య, ప్రాణం లేచొచ్చి. "తొందరేం లేదు."

ఎస్సై కళ్ళు చిన్నవయ్యాయి. "బండి పోయినవాడెవడైనా సోమవారం దాకా వద్దంటాడా? నాకు మళ్ళీ అనుమానం వస్తోంది."

"వెనకవైపు ఇంకా ఎత్తలేదు సార్," అన్నాడు మేస్త్రి.

"మిగతాది ఎత్తావంటే నిన్ను లోపలికి ఎత్తేస్తాను."

షాపు దగ్గర తాళాలు ఇస్తూ మేస్త్రి మామయ్య మొహం చూడలేదు. "పోలీసు జీపు చూసి ఇద్దరు గిరాకీలు వెనక్కి పోయారు గురువుగారూ. ఇరవై ఏళ్ళలో నా షాపు ముందు జీపు ఆగలేదు. మీకు నవ్వులాటే, కాదనను."

మామయ్య గుండెలో క్షమాపణ బయల్దేరింది, గొంతు దాకా వచ్చింది. "జీపు కూడా ఎత్తించుకోడానికి వచ్చిందని చెప్పవోయ్!" అన్నాడు. మేస్త్రి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. మామయ్య ఆ తలుపు ముందు కాసేపు నిలబడ్డాడు. తట్టలేదు.

* * *

నాలుగున్నరకి ఇంటిముందు బండి నిలబడింది. ముందు రెండంగుళాలు లేచి, వెనక అలాగే ఉండి, ముక్కు ఆకాశం వైపు పెట్టి, ఎవరో తుమ్ము వస్తుందని ఆగినట్టుంది. భార్య బయటికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"శనివారానికే అయిపోయిందే! మేస్త్రి మాట మీద నిలబడే మనిషి."

"ఏం అవడం! సగమే అయింది. ఇలా కొండ ఎక్కితే వెల్లకిలా పడతాం."

"ఎక్కేది కొండేగా? ముక్కు ఎలాగూ పైకే ఉంటుంది."

"మెట్టు ఎంత ఎత్తయిందో చూశావా? నీ మోకాళ్ళతో నువ్వు ఎక్కలేవు. నీ మంచికే చెప్తున్నా."

ఆవిడ చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, ఒక్క అడుగులో ఎక్కి సీట్లో కూర్చుంది. మామయ్య తెల్లబోయాడు.

"మర్దన చేసే మనిషి చెయ్యి మంచిది," అంది ఆవిడ.

ఆదివారం పొద్దున ఏడింటికి బయల్దేరారు. మామయ్యకి ముందద్దంలోంచి రోడ్డు తక్కువ, మబ్బులు ఎక్కువ కనిపించాయి. చేతిలో స్టీరింగు తేలికగా, బరువే లేనట్టుంది. బరువంతా వెనక్కి జారిపోయింది. అలమరలో గిన్నెలు ఒక్కొక్కటే వెనక గోడకి చేరి కూర్చున్నాయి. సింకులో నీళ్ళు కిందికి పోకుండా ఒక మూలకి చేరి, బండి కదిలినప్పుడల్లా గుటకలు వేశాయి. దారిలో ఒక లారీ డ్రైవరు అద్దం దించి, "పెద్దాయనా, ఎగురుతుందా?" అని అడిగాడు. ఇంకో రోజైతే మామయ్య ఊరుకునేవాడు కాదు. ఈసారి ఊరుకున్నాడు.

లోపల సాధన చేసుకుంటున్నాడు. తప్పయింది బావా. రెండే మాటలు. తప్పయింది బావా, నీ గడియారం... వద్దు, గడియారం ఊసు వద్దు. తప్పయింది బావా, అసలు పోటీలో నువ్వే... ఛ. ప్రతిసారీ మూడో మాట వేళాకోళంలోకి జారిపోతోంది, అచ్చం వెనక గిన్నెల్లాగే.

కొండ మొదలు దగ్గర పెద్ద మలుపు వచ్చింది. మామయ్య బండి నెమ్మది చేసి, సీట్లో సర్దుకున్నాడు. "ఇదిగో, ఇక్కణ్ణుంచే. గట్టిగా పట్టుకో. ఒక్క గుంట చూడగానే వెనక్కి తిప్పేస్తాను. ముందే చెప్తున్నా, తర్వాత ఏడవకు."

మలుపు తిరిగారు.

ఎదురుగా నల్లటి తారు రోడ్డు, మధ్యలో తెల్ల గీత. అద్దంలా ఉంది. పైనుంచి ఒక బస్సు దిగుతోంది. దాని కడుపు నేలకి జానెడు లేదు. సీట్లలో ముసలమ్మలు కునుకు తీస్తున్నారు. డ్రైవరు బస్సుని వీళ్ళ బండి పక్కన ఆపి, తల బయట పెట్టి, నవ్వాడు.

"ఏమ్మా, ఈసారి సొంత బండిలోనా! అన్నగారికి చెప్పండి, పోయిన నెల ఇచ్చిన తేనె మా పిల్లలు రెండ్రోజుల్లో ఖాళీ చేశారని!"

బస్సు వెళ్ళిపోయింది. మామయ్య ఇంజను ఆపాడు.

"రోడ్డెప్పుడు వేశారు?"

"నాలుగేళ్ళయింది."

"నెలనెలా మోకాళ్ళకి..."

"మోకాళ్ళు మూడోసారికే తగ్గిపోయాయి."

"మరి బస్టాండు కొట్టు తేనె?"

ఆవిడ కిటికీలోంచి చూస్తూ ఉంది. నాలుగేళ్ళుగా ప్రతి పొద్దునా ఆ తేనె తింటూ, దాన్ని పెట్టిన మనిషినే ఎగతాళి చేసిన పొద్దులన్నీ మామయ్యకి ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"రోడ్డు బాగుందని చెప్పొచ్చుగా," అన్నాడు చివరికి. "ఈ ఎత్తించడం, ఆ పోలీసులు, ఇదంతా ఎందుకు?"

"చెప్తే ఇంకో సాకు వెతికేవారు. ఇంజను వేడెక్కుతుందనేవారు, బ్రేకులనేవారు. ఈ ఒక్క సాకునీ మీ చేతే ఎత్తిస్తే, దాని కిందేముందో మీకే కనబడుతుందనుకున్నాను." ఆవిడ గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "పదండి. అన్నయ్య ఇప్పుడు ఎక్కువసేపు నిలబడలేడు. గేటు దగ్గర నిలబడి ఉంటాడు."

గేటు దగ్గరే ఉన్నాడు. మామయ్య గుర్తుపెట్టుకున్న మనిషి ఆజానుబాహువు. ఈయన ఎవరో ఆయన చొక్కా తొడుక్కున్నట్టున్నాడు. చేతి కర్ర సన్నగా వణుకుతోంది. వెనక వాలులో నలభై పెట్టెలుండే చోట గడ్డి పెరిగింది. చివర్న మూడు పెట్టెలు. బండి తలెత్తుకుని నిలబడింది. మామయ్య తల దించుకుని దిగాడు.

"రా బావా," అన్నాడు బావ. బండిని ఎగాదిగా చూశాడు. "ముందు మాత్రమే ఎత్తించావేం?"

"పోలీసులు ఒప్పుకోలేదు."

"నువ్వు మారవు," అని నవ్వాడు బావ. ఆ నవ్వు మధ్యలో ఊపిరి అందక ఆగి, కర్ర మీద వాలాడు. మామయ్య భుజం పట్టుకుని లోపలికి నడిపించాడు. చేతికి ఎముకలే తగిలాయి.

ముందుగదిలో అదే గోడ, అదే గడియారం. టిక్కు టిక్కుమని నడుస్తోంది. ఎనిమిదీ పది చూపిస్తోంది. మామయ్య అలవాటుగా తన చేతి గడియారం చూసుకున్నాడు. తొమ్మిదీ పది. ఆయన అనుభవంలో ఏ గడియారమైనా ఆరేళ్ళలో ఎంతో కొంత అటో ఇటో జరగాలి. ఇది సరిగ్గా గంట. నిమిషం తేడా లేదు.

"ఇది... ఇంకా అలాగే ఉంచావా బావా?"

"తిప్పినవాడే వచ్చి సరిచేస్తాడులే అని ఉంచాను. మొదటి నాలుగు రోజులు కోపంతో. తర్వాత అలవాటైపోయింది. గంట కలుపుకుంటే సరిపోతుంది." బావ కుర్చీలో కూర్చుంటూ చెల్లెలి వైపు చూపించాడు. "నా చేతులు వణుకుతాయి కదా. తాళం నెలనెలా అదే ఇస్తుంది."

"నిమిషాలు కూడా నేనే సరిచేసేదాన్ని," అంది ఆవిడ. "గంట మాత్రం మీకోసం వదిలేశాను."

మామయ్య గడియారం అద్దం తెరిచాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా వణకని చెయ్యి. పెద్ద ముల్లు మీద వేలు పెట్టాడు గానీ తిప్పలేకపోయాడు. వెనక్కి తిరక్కుండా, గోడ వైపే మొహం పెట్టి, "తప్పయింది బావా," అన్నాడు.

అని ఆగాడు. మూడో మాట కోసం ఆయనే భయపడ్డాడు. రాలేదు.

"ఆ పొద్దున పన్నెండు సీసాలూ నా ఒళ్ళో ఉన్నప్పుడు," అన్నాడు బావ మెల్లగా, "ఈ మాట అని ఉంటే ఒక సీసా నీకిచ్చేవాణ్ణి. మళ్ళీ అలాంటి తేనె తీయలేకపోయాను బావా. ఆ తర్వాతి ఏడే చేతులకి వణుకొచ్చింది. ఒకటి దాచాను. అది మాత్రం ఇవాళ తెరుద్దాం."

మామయ్య ముల్లుని ఒక చుట్టు ముందుకి తిప్పాడు. గంట తొమ్మిది కొట్టి ఊరుకుంది. తిప్పడానికి పది క్షణాలు కూడా పట్టలేదు.

ఆవిడ సీసా మూత తీస్తుండగా మామయ్య జేబులో ఫోను మోగింది.

"ముళ్ళ మామయ్యగారేనా? స్టేషన్ నుంచి కానిస్టేబుల్నండీ," అంది అవతలి గొంతు కంగారుగా. "మీ బండి మళ్ళీ ఎత్తుకెళ్ళారటగా! ఇంటి ముందు లేదని మీ పైవాటా టీచరమ్మ ఇప్పుడే వచ్చి రాసిచ్చింది. ఈసారి మూడు పేజీలు!"

మామయ్య కిటికీలోంచి బండిని చూశాడు. ముక్కు పైకెత్తుకుని గేటు దగ్గర అలాగే ఉంది. లోపల అన్నాచెల్లెళ్ళిద్దరూ సీసా మీదకి వంగి ఏదో చెప్పుకుంటున్నారు.

"బండి భద్రంగా ఉందండీ. టీచరమ్మకి నేనే వచ్చి సంజాయిషీ చెప్పుకుంటాను. ఈసారి ఎత్తుకొచ్చింది నన్ను. మా ఆవిడ."

అవతల కాసేపు కాగితాల చప్పుడు. "మరి కేసు రాసుకోమంటారా సార్?"

"వద్దు బాబూ," అన్నాడు మామయ్య. "ఆరేళ్ళు ఆలస్యమైంది."